తాతల నాటి వేట తుపాకీ వయసు కనుక్కోవడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత పెట్టెలో తాతగారి తుపాకీ దొరికింది. మొదట ఏం చేయాలి?

అందులో తూటా ఉందో లేదో చూడాలి. మిగతా పనులన్నీ దాని తర్వాతే. "యాభై ఏళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు, ఇందులో ఏముంటుంది" అనుకునే తుపాకీల్లోనే తూటాలు దొరుకుతుంటాయి, ఎందుకంటే ఆఖరిసారి వేట నుంచి వచ్చినవాళ్లు దాన్ని మళ్లీ రేపు తీస్తాం కదా అనుకుని అలాగే పెట్టి ఉంటారు. డబుల్ బ్యారెల్ అయితే గొట్టం మొన మనుషుల వైపు లేకుండా పట్టుకుని, ట్రిగ్గర్ మీద వేలు పెట్టకుండా, లివర్ తిప్పి మధ్యకి విరిచి (అంటే మడత పెట్టినట్టు తెరిచి) వెనక వైపు నుంచి రెండు గొట్టాల్లోకీ చూడండి. పంపు తుపాకీ (ముందు చెక్క లాగి తూటా ఎక్కించేది), ఆటోమేటిక్ (తూటా తానే ఎక్కేది) అయితే తూటా కూర్చునే ఛాంబరే కాదు, కింద ఉండే గొట్టం లాంటి మ్యాగజైన్ కూడా చూడాలి, చాలామంది దాన్ని మర్చిపోతారు.

గొట్టం మొన నుంచే మందు దట్టించే పాతకాలం తుపాకీ అయితే విరిచి చూసే వీలు లేదు. సన్నటి చెక్క పుల్ల లోపలికి అడుగు తగిలేదాకా పోనిచ్చి, మొన దగ్గర గుర్తు పెట్టి, బయటకి తీసి గొట్టం పక్కన పెట్టి కొలవండి. పుల్ల గొట్టం వెనక చివర, మందుని అంటించే క్యాప్ పెట్టే నిప్పిల్ దగ్గరిదాకా రాకుండా మూడు నాలుగు వేళ్ల దూరంలోనే ఆగిపోయిందంటే లోపల ఏదో ఉంది. అది వందేళ్ల నాటి మందు అయినా అంటుకుంటుంది. మీరు తీయకండి, తుపాకీలు బాగుచేసే మనిషికి అప్పగించండి.

రెండో సంగతి లైసెన్సు. వారసత్వంగా వచ్చిన తుపాకీకి ఏ కాగితం కావాలో ఒక్కో దేశంలో ఒక్కో రూలు. "ఇంట్లోదే కదా" అన్న మాట ఎక్కడా చెల్లదు, ముందు ఆ పని చూసుకుని తర్వాత చరిత్ర తవ్వుకోండి.

ఇంట్లో చెప్పుకునే కథ నమ్మొచ్చా?

కథని నమ్మండి, అందులో చెప్పే సంవత్సరాన్ని మాత్రం నమ్మకండి. మా ఇంట్లో ఉన్న డబుల్ బ్యారెల్‌ని ముత్తాత 1890లో కొన్నాడని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటూ పెరిగాను. దానికి రుజువుగా ముత్తాత తుపాకీ పట్టుకుని కూర్చున్న ఫొటో కూడా ఉంది. ఒకరోజు గొట్టాలు విప్పి అడుగున చూస్తే అక్కడ ఉన్న ముద్రలన్నీ 1925 తర్వాతివి. రెండు రోజులు ఒకటే టెన్షన్, మావాళ్లు అబద్ధం చెప్పారా అని. తర్వాత భూతద్దం పెట్టి ఫొటో చూస్తే తెలిసింది, ముత్తాత చేతిలో ఉన్న తుపాకీకి బయట రెండు హ్యామర్లు, అంటే తూటాని పేల్చే సుత్తులు, కోడిపుంజు తలల్లా లేచి ఉన్నాయి, మా ఇంట్లో ఉన్నదానికి హ్యామర్లే లేవు. ముత్తాత 1890లో తుపాకీ కొన్నది నిజమే, అది వేరే తుపాకీ. ఇది ఆయన తర్వాత తాతయ్య కొన్నది. రెండు తుపాకీల కథ ఒకదానికి అతుక్కుపోయింది. చాలా ఇళ్లలో జరిగేది ఇదే.

సీరియల్ నంబర్ చూస్తే సంవత్సరం తెలిసిపోదా?

కొన్నిటికి తెలుస్తుంది. అమెరికాలో తయారైన వించెస్టర్, పార్కర్, ఎల్.సి. స్మిత్ లాంటి వాటికి నంబర్ల పట్టికలు ఉన్నాయి. లండన్‌లోని పర్డీ లాంటి పెద్ద తయారీదార్ల దగ్గర నంబరు చెబితే ఏ సంవత్సరం, ఎవరికోసం, ఎలాంటి గొట్టాలతో చేశారో పాత ఖాతా పుస్తకాల్లో దొరుకుతుంది. బెల్జియంలో చేసిన మామూలు రకం తుపాకీల మీద ఉండే అంకెలు మాత్రం చాలాసార్లు సీరియల్ నంబరే కాదు, విడి భాగాలు కలగలిసిపోకుండా కార్ఖానాలో కొట్టుకున్న గుర్తులు. వాటితో తల బద్దలు కొట్టుకోకండి.

అసలు నంబరే లేకపోతే? దొంగ తుపాకీ అని భయపడకండి. అమెరికాలో 1968 నాటి చట్టం వచ్చేదాకా చవక రకం షాట్‌గన్‌ల మీద నంబర్ వేయడం తప్పనిసరి కాదు, కాబట్టి నంబర్ లేని అమెరికన్ తుపాకీ అంటే చాలావరకు 1968కి ముందుదని అర్థం. నంబర్ ఉండాల్సిన చోట గీకేసిన గుర్తు కనిపిస్తే మాత్రం అది వేరే కథ, దాన్ని అధికారులకి చూపించాల్సిందే.

అమెరికాలోని రెమింగ్టన్ కంపెనీ వాళ్లది ఇంకో పద్ధతి, నాకు చాలా ఇష్టమైనది. 1921 నుంచి గొట్టం మీద, యాక్షన్‌కి (గొట్టం వెనక, పేల్చే యంత్రం ఉండే ఇనప భాగానికి) దగ్గరలో, చిన్న అక్షరాలు కొట్టేవారు. మొదటి అక్షరం నెల, రెండోది సంవత్సరం. నెలలకి వాళ్లు పెట్టుకున్న గుర్తు "బ్లాక్ పౌడర్" (పాతకాలం నల్ల మందు) అన్న మాట. ఇంగ్లీషులో రాస్తే దానికి 11 అక్షరాలు, చివర ఒక ఎక్స్ తగిలిస్తే 12. అలా బి అంటే జనవరి, ఎల్ అంటే ఫిబ్రవరి, చివరి ఎక్స్ డిసెంబర్. సంవత్సరాల లెక్క 1921కి ఎం అక్షరంతో మొదలైంది. ఒక్క మెలిక ఉంది: అది గొట్టం పుట్టిన తేదీ. తర్వాత ఎవరైనా గొట్టం మార్చి ఉంటే తుపాకీ ఒక వయసు, గొట్టం ఇంకో వయసు.

మరి అన్నిటికంటే నమ్మదగిన ఆధారం ఏది?

ప్రూఫ్ ముద్రలు. యూరప్‌లో చాలా దేశాల్లో గొట్టాన్ని అమ్మకానికి పెట్టే ముందు మామూలు కంటే బలమైన మందు పెట్టి పేల్చి చూడాలని చట్టం. పగలకుండా, ఉబ్బకుండా నిలబడితే ముద్ర కొడతారు. పరీక్ష రూల్స్ మారినప్పుడల్లా ముద్రలూ మారాయి, అందుకే అవి మనకి తేదీలయ్యాయి. పైన రిబ్ (రెండు గొట్టాలని కలిపే ఇనప పట్టీ) మీద బంగారు అక్షరాల్లో ఉండే పేరు కొన్నవాడి కోసం వేసింది, అడుగున కనపడకుండా ఉండే ముద్ర చట్టం కోసం వేసింది. నేనైతే రెండోదాన్నే నమ్ముతాను.

ఎక్కడ చూడాలి? గొట్టాల కింద చెయ్యి పట్టే ముందు వైపు చెక్కని ఊడదీసి, గొట్టాలు యాక్షన్ నుంచి విప్పి, తిరగేయండి. తూటా పెట్టే చివర అడుగున చదునుగా ఉండే చోట, దానికి కాస్త ముందు గుండ్రటి భాగం మీద ఉంటాయి. మురికి పట్టి ఉంటే నూనె గుడ్డతో తుడవండి. పక్క నుంచి ఏటవాలుగా టార్చి వేసి ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే కంటికి కనపడనివి కూడా తేలతాయి.

ఇంగ్లండ్ ముద్రలు ఎలా చదవాలి?

ఇంగ్లండ్‌లో రెండు ప్రూఫ్ హౌస్‌లు, లండన్‌లో ఒకటి, బర్మింగ్‌హామ్‌లో ఒకటి. లండన్ తుపాకీ తయారీదార్ల సంఘానికి 1637లో రాజపత్రం వచ్చింది. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో చట్టం ద్వారా ఏర్పడింది. బర్మింగ్‌హామ్ ముద్ర మొదట్లో కిరీటం కింద అడ్డంగా దాటుకున్న రెండు రాజదండాలు, వాటి సందుల్లో అక్షరాలు. 1904 నుంచి అవి పోయి కిరీటం కింద బీపీ, బీవీ, ఎన్‌పీ అన్న అక్షరాలు వచ్చాయి. 1954 నుంచి కిరీటం కింద బీఎన్‌పీ. లండన్‌దైతే జీపీ అక్షరాలు ఒకదానిలో ఒకటి అల్లుకుని పైన కిరీటం ఉంటుంది, నైట్రో (పొగ రాని కొత్త రకం మందు) పరీక్ష పాసైన వాటికి కత్తి పట్టిన చెయ్యి బొమ్మ.

"నాట్ ఫర్ బాల్" అని ఇంగ్లీషులో ఉంటే మీ అదృష్టం, ఎందుకంటే అది 1875 నుంచి 1887 మధ్యే వేశారు. గొట్టం మొన దగ్గర చోక్ పెట్టి ఇరుకు చేశారు, అందులో ఒంటి గుండు పెట్టి కాల్చొద్దని దాని అర్థం. 1887 తర్వాత ఆ మాట పోయి "చోక్" అని కొట్టడం మొదలైంది. అదే ఏడాది నుంచి డైమండ్ గుర్తు లోపల 12, దాని కింద సి కనిపిస్తుంది, ఛాంబర్ ఏ కొలతదో చెప్పేది అది. "నైట్రో ప్రూఫ్" అన్న మాటలు 1896 నుంచి. ఛాంబర్ పొడవు అంగుళాల్లో, ఉదాహరణకి 2½ అని, కొట్టి ఉంటే 1925 రూల్స్ తర్వాతిది. నేను మా తుపాకీని పట్టుకున్నది దీనితోనే. "3 టన్స్" అన్నట్టుగా ఒత్తిడిని టన్నుల్లో రాసి ఉంటే 1954 లేదా ఆ తర్వాత.

ఒక హెచ్చరిక. పాత తుపాకీని ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ ప్రూఫ్‌కి పంపి ఉండొచ్చు. అప్పుడు 1880ల ముద్రలూ 1954 తర్వాతి ముద్రలూ పక్కపక్కనే ఉంటాయి. అలాంటప్పుడు పాతది పుట్టిన కాలం, కొత్తది మరమ్మతు కాలం.

బెల్జియం, జర్మనీ, స్పెయిన్, ఇటలీ వాటి సంగతి?

కోడిగుడ్డు ఆకారం లోపల ఇ, ఎల్, జి అన్న మూడు అక్షరాలు, కింద చిన్న నక్షత్రం గుర్తు కనిపిస్తే అది బెల్జియంలోని లియేజ్. ఒకప్పుడు ప్రపంచం నలుమూలలకీ చవక తుపాకీలు పంపిన ఊరు అది. ఆ గుడ్డు మీద కిరీటం ఉంటే 1893 లేదా తర్వాత, లేకపోతే అంతకు ముందు. 1922 నుంచి ఒక్కో సంవత్సరానికి ఒక్కో అక్షరం ఇచ్చారు, ఏ తో మొదలుపెట్టి. జర్మనీలో ప్రూఫ్ చట్టం 1891లో చేసి 1893 నుంచి అమలు చేశారు. కిరీటం కింద బి, యు, జి లాంటి ఒంటి అక్షరాలు వాళ్లవి. జర్మన్ గొట్టాల మీద చిన్న అంకెలు చాలాసార్లు నేరుగా తేదీయే, 4 28 అని ఉంటే 1928 ఏప్రిల్. ఇంత సుఖం ఇంకెక్కడా లేదు. స్పెయిన్‌లో ఐబార్ ఊరి తుపాకీలకి 1927 నుంచి ఏ తో మొదలయ్యే అక్షరాలు. ఇటలీలో గార్దోనే ఊరి ప్రూఫ్ హౌస్ వాళ్లు కొంతకాలం రోమన్ అంకెలు వాడి, 1975 నుంచి ఏఏ, ఏబీ అంటూ జంట అక్షరాలకి మారారు.

అమెరికాలో ప్రభుత్వ ప్రూఫ్ హౌస్ ఎప్పుడూ లేదు. కంపెనీయే తన పరీక్ష తాను చేసుకుని తన గుర్తు తాను వేసుకునేది. అందుకే అక్కడి వాటికి మోడల్ పేరు, నంబర్, పేటెంట్ తేదీలే దిక్కు. పేటెంట్ తేదీని తయారైన తేదీ అనుకోవడం అందరూ చేసే తప్పు. 1900 పేటెంట్ రాసి ఉన్న తుపాకీ 1940లో కూడా తయారై ఉండొచ్చు. "దీనికి ముందు కాదు" అని మాత్రమే అది చెబుతుంది.

ముద్రలు అరిగిపోయాయి. ఆకారం చూసి చెప్పొచ్చా?

సుమారుగా చెప్పొచ్చు, ఇరవై ఏళ్లు అటూ ఇటూగా. తూటా వెనక అంచులోంచి మేకులా చిన్న పిన్ను నిలువుగా లేచి ఉండే పిన్‌ఫైర్ పద్ధతి ఫ్రాన్స్‌లో లెఫోషే 1830ల్లో తెచ్చినది. గొట్టం వెనక అంచు మీద ఆ పిన్ను కోసం చిన్న గాడి ఉంటే ఆ రకమే. 1860ల్లో మధ్యలో పేలే సెంటర్‌ఫైర్ తూటా వచ్చి దాన్ని పక్కకి నెట్టేసింది. హ్యామర్ కొట్టిన తర్వాత తనంతట తాను సగానికి వెనక్కి వచ్చే రీబౌండింగ్ లాక్‌కి స్టాంటన్ 1867లో పేటెంట్ తీసుకున్నాడు. పాత తుపాకీలకి కూడా తర్వాత దాన్ని అమర్చుకున్నారు కాబట్టి ఇది ఒక్కటే చూసి నిర్ణయించకండి.

హ్యామర్లు లోపలికి వెళ్లిపోయిన హ్యామర్‌లెస్ తుపాకీల్లో అందరూ కాపీ కొట్టినది ఆన్సన్, డీలీ ఇద్దరూ కలిసి 1875లో పేటెంట్ చేసిన బాక్స్‌లాక్. గొట్టం కిందికి వంచితే ఆ బరువుతోనే లోపలి హ్యామర్లు ఎక్కి కూర్చుంటాయి. ఎంత సులువైన ఆలోచనో చూడండి, అప్పటిదాకా బొటనవేలితో లాగుతూ కూర్చున్నారు. పక్కన పెద్ద ఇనప పలక, దాని మీద స్క్రూల తలలు కనిపిస్తే సైడ్‌లాక్. కొన్ని బాక్స్‌లాక్‌లకి అందం కోసం ఉత్తుత్తి పలకలు కూడా బిగించారు, మోసపోకండి. కాలిన ఖాళీ తూటాని మాత్రమే ఎగరగొట్టే ఎజెక్టర్‌ని సౌత్‌గేట్ 1893లో పేటెంట్ చేశాడు. తర్వాత ఇంగ్లీషు తుపాకీల్లో చాలావాటికి అదే పద్ధతి.

బయట హ్యామర్లు ఉన్నంత మాత్రాన 1800ల నాటిది అనుకోకూడదు. చవక రకాల్లో, అలవాటు మానలేని వేటగాళ్ల కోసం, 20వ శతాబ్దంలో కూడా చాలాకాలం చేస్తూనే ఉన్నారు.

పంపు, ఆటోమేటిక్ తుపాకీలు కూడా పాతవేనా?

పాతవే. వించెస్టర్ 1897 మోడల్ బయట హ్యామర్ ఉన్న పంపు తుపాకీ, 1957 దాకా చేశారు. మోడల్ 12 అనే హ్యామర్ కనపడని పంపు 1912లో మొదలై 1964 దాకా మామూలు ఉత్పత్తిలో ఉంది, దాదాపు 20 లక్షలు చేశారు. గొట్టం మీద "మోడల్ 1912" అని ఉంటే మొదటి ఏళ్లది, తర్వాత పేరు పొట్టి చేసి "మోడల్ 12" అన్నారు. వెనక భాగం పెట్టెలా మూపురంతో లేచి ఉండే ఆటోమేటిక్ చూశారంటే అది జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఆటో-5, లేదా దాని తోబుట్టువు. బెల్జియంలో ఎఫ్ఎన్ కంపెనీ 1902లో చేయడం మొదలుపెట్టింది, అదే డిజైన్‌ని అమెరికాలో రెమింగ్టన్ 1905 నుంచి 1947 దాకా చేసింది, మోడల్ 11 అన్న పేరు తర్వాత పెట్టారు. దీన్ని కాల్చినప్పుడు గొట్టం మొత్తం వెనక్కి జరిగి వస్తుంది. లోపల కంచు రాపిడి ముక్క, ఉంగరం ఉంటాయి, తూటా బలాన్ని బట్టి వాటి వరస మార్చాలి. ఈ సంగతి తెలియకనే చాలా ఆటో-5ల ముందు చెక్కలు పగిలాయి. మీదానికి ఆ పగులు ఉంటే కారణం అదే అయ్యుండొచ్చు.

తుపాకీ మీద గొప్ప పేరు ఉంది. అసలుదేనా?

పేరు ఉన్నదానికంటే ఎలా ఉందో చూడండి. "డబ్ల్యూ. రిచర్డ్స్" అని ఉన్న తుపాకీలు లెక్కలేనన్ని ఉన్నాయి, ఎక్కువ భాగం బెల్జియం సరుకు. ఇంగ్లండ్‌లోని వెస్ట్‌లీ రిచర్డ్స్ అనుకుని కొనేవాళ్ల కోసమే ఆ పేరు పెట్టారు. పైన ఇంగ్లీషు పేరు, అడుగున లియేజ్ గుడ్డు ఉంటే ఇక చెప్పేదేముంది. ఇంకో రకం, తయారీదారుడి పేరు కాకుండా అమ్మిన వ్యాపారి పేరు వేసుకున్నవి. అమెరికాలో నార్విచ్ ఊర్లోని క్రెసెంట్ కంపెనీ ఒకే తుపాకీ మీద ఎవరికి కావాల్సిన పేరు వాళ్లకి వేసి ఇచ్చేది. సియర్స్ అనే దుకాణాల కంపెనీ వాళ్ల జె.సి. హిగ్గిన్స్ తుపాకీలు కూడా ఇతర కంపెనీలు చేసి ఇచ్చినవే.

పేరు పక్కన ఉండే చిరునామా మాత్రం బంగారం. పర్డీ వాళ్లు 1880ల మొదటి దాకా ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఉండి, తర్వాత సౌత్ ఆడ్లీ స్ట్రీట్‌కి మారారు, కాబట్టి రిబ్ మీద వీధి పేరే తేదీ చెబుతుంది. అలాగే "బెల్జియం" అని దేశం పేరు ఇంగ్లీషులో కొట్టి ఉంటే ఎక్కువగా 1891 తర్వాతది, ఎందుకంటే దిగుమతి వస్తువు మీద దేశం పేరు ఉండాలని చెప్పే అమెరికా చట్టం అప్పుడు అమల్లోకి వచ్చింది.

గొట్టం మీద పాము చర్మంలా మెలికల గీతలున్నాయి. అదేమిటి?

డమాస్కస్ గొట్టం. ఇనుము, ఉక్కు కడ్డీలని కలిపి కాల్చి, తాడులా మెలిపెట్టి, ఆ మెలికల పట్టీని ఒక కడ్డీ చుట్టూ చుట్టి, సుత్తితో కొట్టి అతికించి గొట్టం చేసేవారు. ఆ మెలికలే తర్వాత ఆమ్లంతో, గోధుమ రంగు పూతతో బయటపడి పువ్వుల్లా కనిపిస్తాయి. సాదా ఉక్కు గొట్టాలు చవకగా, గట్టిగా దొరకడం మొదలయ్యాక ఈ పని మెల్లగా ఆగిపోయింది. నా దృష్టిలో పాత తుపాకీల్లో చూడదగ్గ వాటిలో మొదటిది ఇదే. ఒక గొట్టాన్ని ఎండలో పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ చూడండి, టైమ్ తెలియదు.

నకిలీలు ఉన్నాయి. మామూలు ఉక్కు మీద డిజైన్ అచ్చు వేసి అమ్మినవి. ముందు చెక్క తీసి దాని కింద చూడండి, అక్కడ డిజైన్ హఠాత్తుగా ఆగిపోతే అచ్చు పని అని అనుమానించాలి.

డమాస్కస్ తుపాకీ కాల్చొచ్చా?

ఇంటి గోడ మీద వేలాడుతున్నదాన్ని తీసి, దుకాణంలో దొరికిన కొత్త తూటా పెట్టి కాల్చొద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు. ఇవి ఎక్కువగా బ్లాక్ పౌడర్ కోసం చేసినవి. దాని మీద నైట్రో ప్రూఫ్ ముద్ర ఉండి, గొట్టం గోడ మందం, లోపలి గుంతలు అన్నీ అనుభవం ఉన్న గన్‌స్మిత్ కొలిచి సరే అంటే, అది వేరే సంగతి. అలా పాసైన డమాస్కస్‌లు ఇప్పటికీ పక్షుల వేటకి వెళ్తున్నాయి. సమస్య గొట్టం పేరులో లేదు, వందేళ్లుగా అతుకుల్లో దూరిన తుప్పులో ఉంది, అది పైకి కనపడదు.

ఉక్కు గొట్టమైతే నిశ్చింత అనుకోకండి. పాత ఇంగ్లీషు 12 బోర్ ఛాంబర్లు ఎక్కువగా 2½ అంగుళాలు, అంటే సుమారు 65 మిల్లీమీటర్లు. ఇప్పటి మామూలు తూటా 70 మిల్లీమీటర్లు. చిక్కేమిటంటే 70 తూటా 65 ఛాంబర్‌లోకి చక్కగా పట్టేస్తుంది. తూటా పొడవు కొలిచేది పేలిన తర్వాత మూతి విచ్చుకున్నప్పుడు. లోపల ఆ మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది. "పట్టింది కదా" అన్నది ఇక్కడ కొలమానం కాదు. అమెరికన్ పాత 16 గేజ్‌లలో (బోర్‌నే అక్కడ గేజ్ అంటారు) కూడా 2 9/16 అంగుళాల ఛాంబర్లు ఉన్నాయి, అదే బాధ. ఇక సీసం బదులు ఉక్కు గుళ్లున్న తూటాలు పాత గొట్టాల దగ్గరికే తీసుకురాకండి, చోక్‌ని చెడగొడతాయి.

గొట్టం మీద 13/1 అని ఉంది, కానీ తుపాకీ 12 బోర్ అంటున్నారు?

రెండూ నిజమే. ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా చేస్తే ఒక్కో గుండు ఎంత లావు ఉంటుందో అది 12 బోర్, అంటే 0.729 అంగుళం, సుమారు 18.5 మిల్లీమీటర్లు. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది, 20 బోర్ 12 కంటే సన్నం. ఇంగ్లీషు వాళ్లు తూటా 12దే అయినా గొట్టం లోపలి కొలతని విడిగా రాశారు: 12/1 అంటే 0.740, 12 అంటే 0.729, 13/1 అంటే 0.719, 13 అంటే 0.710. కొలిచేది వెనక నుంచి 9 అంగుళాల దగ్గర. మీదాని మీద 13/1 అని ఉండి ఇప్పుడు కొలిస్తే 0.735 వస్తోందంటే మధ్యలో ఎవరో గుంతలు పోగొట్టడానికి లోపల బాగా గీకేశారు, అంటే గోడ అంత పలచబడింది. ఒక్క 410 బోర్ మాత్రం ఈ లెక్కలోది కాదు, అది నేరుగా అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పిన కొలత.

గొట్టాలు కోసేశారేమో ఎలా తెలుస్తుంది?

డబుల్ బ్యారెల్‌ని మొన వైపు నుంచి చూడండి. అసలు పొడవులో ఉంటే రెండు గొట్టాలూ మొన దగ్గర ఒకదానికొకటి తగులుతూ, లేదా తగిలీ తగలనట్టు ఉంటాయి. మధ్యలో సందు ఉండి అది సీసం టంకంతో పూడ్చి ఉంటే కోత పడ్డట్టే. చోక్ కూడా దాంతోనే పోయింది. "స్లీవ్డ్" అని ఇంగ్లీషులో కొట్టి ఉంటే వెనక భాగం మాత్రమే పాతది, ముందు గొట్టాలు కొత్తగా అతికించినవి. వాడుకోవడానికి అది మంచిదే, పాతదనానికి మాత్రం దెబ్బ.

ఇంకో పరీక్ష నాకు సరదా. గొట్టాలని విప్పి, అడుగున ఉన్న కొక్కెం లాంటి చోట వేలితో వేలాడదీసి, రెండో చేతి వేలి కణుపుతో మెల్లగా కొట్టండి. గుడి గంటలా ఖంగుమని సాగాలి. మొద్దుగా టక్కుమని ఆగిపోతే గొట్టాల మధ్య రిబ్ ఎక్కడో ఊడింది, అందులోకి తేమ వెళ్తోంది.

బాగా తుప్పు పట్టింది, పాలిష్ చేసి మెరిపించొచ్చా?

చేయకండి. నేను చేశాను కాబట్టి చెబుతున్నాను. మొదటిసారి చేతికొచ్చిన పాత బాక్స్‌లాక్‌ని ఇనప పీచు పెట్టి మధ్యాహ్నమంతా రుద్ది వెండిలా మెరిపించాను, గర్వంగా కూడా ఉంది. తర్వాత తెలిసింది, నేను మురికి అనుకుని తోమేసింది యాక్షన్ మీద నీలం, గోధుమ మేఘాల్లా ఉండే కేస్ హార్డెనింగ్ రంగు. ఎముకల బొగ్గులో పెట్టి కాల్చి నీళ్లలో ముంచితే వచ్చే రంగు అది, మళ్లీ రాదు. సందుల్లో, లివర్ కింద చూస్తే ఇప్పటికీ కాస్త మిగిలి ఉంది, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

పలచటి తుపాకీ నూనె రాసి ఒకరోజు వదిలి, మెత్తటి గుడ్డతో తుడవండి. ఎర్ర తుప్పు పొడిలా లేస్తుంటే నూనెలో తడిపిన గుడ్డతో ఓపిగ్గా. స్క్రూల తలల మీద గాడులు నిటారుగా ఒకే వరసలో ఉంటే ఎవరూ లోపల కెలకలేదన్నమాట, దయచేసి మీరు కూడా కెలకకండి. వాటికి సరిపోయే స్క్రూడ్రైవర్ మామూలు పెట్టెలో ఉండదు.

చెక్క మీద గీతలు, చెంప ఆనించి ఆనించి నునుపెక్కిన చోటు, చెక్కడం అరిగి చెయ్యి పట్టిన గుర్తు, ఇవి లోపాలు కావు. మా తుపాకీకి ఎడమ పక్క చెక్క మీద నాలుగు చిన్న గాట్లున్నాయి, ఎందుకో ఎవరికీ తెలియదు. వాటిని నింపించమని ఒకాయన సలహా ఇచ్చాడు, వద్దన్నాను.

ఏది మంచి పని, ఏది చవక పని? ఎలా గుర్తుపట్టాలి?

చెక్కడాల నిండుదనం చూసి పడిపోకండి. చెక్క ఇనుముని కలిసే అంచు చూడండి. మంచి పనిలో వెంట్రుక దూరదు, చెక్క ఇనుములోంచి మొలిచినట్టుంటుంది. చవకదానిలో సందు కనిపిస్తుంది, లేదా చెక్క పైకి ఉబ్బి ఉంటుంది. తర్వాత చెక్క మీద గళ్ల చెక్కడం, గళ్లన్నీ ఒకే కొలతలో మొనదేలి అంచు దాటకుండా ఉన్నాయా. ఆ తర్వాత తుపాకీని మూసి చూడండి. మంచిది పుస్తకం మూసినట్టు మెత్తగా చిన్న చప్పుడుతో మూసుకుంటుంది. ముందు చెక్క తీసేసి మూసి, గొట్టాలని పక్కలకి కదిపితే అవి అటూ ఇటూ ఊగకూడదు, వెనక వెలుగు కనపడకూడదు. చివరిగా భుజానికి ఎత్తి చూడండి. బరువు రెండు చేతుల మధ్య ఎక్కడో ఉండి, తుపాకీ దానంతట అదే కంటి కిందికి వస్తే అది తెలిసినవాడు చేసింది. మీ తాతగారి చేతుల పొడవు మీకు లేకపోతే రాదు, అది తుపాకీ తప్పు కాదు.

ఎలా దాచాలి?

తోలు పెట్టెలో దాచొద్దు, ఎంత అందంగా ఉన్నా సరే. తోలు తేమ పీల్చుకుని గొట్టానికి పట్టిస్తుంది, తోలుకి వాడిన రసాయనాలు కూడా తోడవుతాయి. గొట్టం మొన కిందికి పెట్టి నిలబెడితే నూనె చెక్కలోకి దిగకుండా ఉంటుంది. యాక్షన్ దగ్గర చెక్క నల్లబడి మెత్తగా అయిపోయిన పాత తుపాకీలు చూశారు కదా, ఏళ్ల తరబడి నూనె దిగడం వల్లే. తాళం, తూటాలు వేరే చోట, పిల్లలకి అందకుండా.

ఇదంతా కనుక్కున్నాక ఏం చేయాలి?

ఒక కాగితం మీద రాసిపెట్టండి. ముద్రల ఫొటోలు, కొలతలు, లైసెన్సు కాపీ, ఎవరు కొన్నారు, ఎవరి చేతికి ఎప్పుడు వచ్చింది. తెలిసినది ఒక పక్క, విన్నది ఒక పక్క, కలపకుండా. నేను రాసిన దాంట్లో "ముత్తాత తుపాకీ ఇది కాదు, ఫొటోలో ఉన్నది వేరే, అది ఏమైందో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు లేరు" అన్న వాక్యం కూడా ఉంది. మా పెదనాన్న అది చదివి కొంచెం చిన్నబుచ్చుకున్నాడు, తర్వాత ఆ రెండో తుపాకీ గురించి తన చిన్నప్పుడు విన్నది ఒకటి చెప్పాడు. అది విన్నవాటి పక్క రాసుకున్నాను.